మా కూడలిలో రోడ్డు దాటే దారి తిరిగి ఇప్పించండి: పురపాలక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలతో రాస్తున్నాను. నేను హైదరాబాద్ బాలానగర్ పారిశ్రామికవాడలో ఒక చిన్న షెడ్డులో లేత్ మిషన్ మీద పనిచేస్తాను. ఇరవై రెండేళ్లుగా పనికి సైకిలు మీదే వెళ్లివస్తున్నాను. ఇదే విషయం మీద ఇంతకుముందు మూడు అర్జీలు ఇచ్చాను. మొదటిదానికి రశీదు ఇచ్చారు. రెండోదానికి ‘పరిశీలనలో ఉంది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. మూడోది పట్టుకుని వెళ్తే ఇది మా పని కాదు, ఇంకో కార్యాలయానికి వెళ్లమన్నారు. అక్కడికి వెళ్తే రోడ్డు వేసినవాళ్లను అడగమన్నారు. ఆ పూట కూలి పోయింది. ఇక ఎవరిని అడగాలో తెలియక మీకే రాస్తున్నాను.

మా కూడలిలో సిగ్నల్ తీసేసి, మధ్యలో సిమెంటు దిమ్మెలు అడ్డం పెట్టి, అటూ ఇటూ యూటర్న్‌లు ఇచ్చి మూడేళ్లు దాటింది. కూడలి పేరు అర్జీలు మూడింటిలోనూ ఉంది. ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే మన నగరంలో ఇలా మూసేసిన కూడళ్లు చాలా ఉన్నాయి, ప్రతిచోటా నాలాంటివాళ్లు ఉన్నారు. వాహనాలు ఆగకుండా సాగిపోవాలని ఆ ఏర్పాటు చేశారని అందరికీ తెలుసు. కానీ వాహనం ఎక్కడా ఆగకపోతే మనిషి ఎప్పుడు దాటాలి? పాత సిగ్నల్‌లో ఎర్రదీపం పడినప్పుడు కొద్ది సెకన్లయినా రోడ్డు మాకు దక్కేది. ముసలివాళ్లు, బడిపిల్లలు, తోపుడు బండివాళ్లు ఆ కొద్దిసేపట్లోనే అవతలికి చేరేవాళ్లు. ఆ సెకన్లను తీసేసుకున్నారు, బదులుగా ఏమీ ఇవ్వలేదు. జీబ్రా గీతలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. అవి నేరుగా వెళ్లి సిమెంటు దిమ్మెకు తగులుతాయి.

సైకిలు తొక్కేవాడికి యూటర్న్ అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఎడమ అంచున పోతున్నవాణ్ణి మూడు వరుసల వాహనాలను దాటుకుంటూ కుడి చివరికి చేరాలి. వెనక లారీ వస్తుంటుంది, దాని పక్కన కారు, ఆ రెండింటి మధ్య నుంచి మోటారుసైకిళ్లు. చెయ్యి చాపి చూపించినా వేగం తగ్గించేవాళ్లు తక్కువ. తిరిగాక మళ్లీ మూడు వరుసలు దాటి ఎడమ అంచుకు రావాలి. మోటారు ఉన్నవాళ్లకు ఆ చుట్టు రెండు నిమిషాల పని. కాళ్లతో తొక్కేవాడికి అది ప్రాణాలతో పని.

అందుకే నేను యూటర్న్ దాకా వెళ్లను. ఉదయం 8.20కి దిమ్మెల దగ్గర సైకిలు ఆపుతాను. హ్యాండిల్‌కు తగిలించిన క్యారేజీ సంచీ తీసి మెడలో వేసుకుంటాను. ఎడమచేత్తో సీటు కింది గొట్టం, కుడిచేత్తో హ్యాండిల్ పట్టుకుని, ముందు చక్రం దిమ్మె మీదికి ఎక్కించి, వెనక చక్రం ఎత్తి అవతలికి దించుతాను. పప్పు ఒలికి చొక్కా మీద పడిన రోజులు ఉన్నాయి. దిమ్మెకూ రోడ్డుకూ మధ్య జానెడు చోటు కూడా లేదు, అందులోనే సైకిలుతో ఒరిగి నిలబడి సందు కోసం చూడాలి. నాకు 51 ఏళ్లు. ఇంకా ఎన్నాళ్లు ఎత్తగలను? తోపుడు బండివాళ్లు అసలు ఎత్తలేరు. వాళ్లు ఎదురుదారిలో వస్తారు. అలా వచ్చారని వాళ్లకు తిట్లు, జరిమానాలు. సరైన దారి మూసేసి, తప్పు దారిలో వచ్చారని పేదవాణ్ణి పట్టుకోవడం న్యాయమేనా అమాత్యా?

బస్సు సంగతి కూడా చెప్పాలి. నా భార్య ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు బస్సు ప్రయాణం ఉచితం చేశారు. ఆ మేలు మా ఇంట్లో అందరం ఒప్పుకుంటాం, నెలనెలా ఆ డబ్బు మిగులుతోంది. కానీ బస్సు దిగాక జరిగేది ఎవరూ చూడటం లేదు. బస్సు ఆగాల్సిన చోట ఆటోలు, సామాను దించే వ్యాన్లు నిలబడి ఉంటాయి. డ్రైవరు చేసేదేమీ లేక రోడ్డు రెండో వరుసలో ఆపుతాడు. ఆడవాళ్లు ఆటోల మధ్య నుంచి పరుగెత్తి ఎక్కాలి, అలాగే దిగాలి. ఎక్కించుకున్న వెంటనే ఆ పెద్ద బస్సు అక్కడి నుంచి అడ్డంగా కుడికి కోసుకుంటూ పోవాలి, ఎందుకంటే అది తిరగాల్సిన యూటర్న్ కాస్త ముందే ఉంది. వెనక వాహనాలన్నీ హారన్లు మోగిస్తాయి. యూటర్న్ దగ్గర తిరిగే వాహనాల వరుస పెరిగి పెరిగి కుడి వరుస మొత్తం నిలిచిపోతుంది. కార్లలో ఉన్నవాళ్లకైనా సుఖం దక్కిందా అంటే సాయంత్రం ఆరు గంటలకు అదీ లేదు. రాత్రి ఎనిమిదింటికి నా భార్య అవతలి వైపు దిగి ఫోను చేస్తుంది. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని దాటించుకుని వస్తాను. ఇరవై రెండేళ్లుగా ఉంటున్న పేటలో, ఇల్లు కంటికి కనిపించేంత దూరంలో నిలబడి, ఆమె ఒక్కతే ఇంటికి రాలేకపోతోంది.

డబ్బు లేదంటే నమ్మలేను. హెచ్-సిటీ అనే నగర రోడ్ల పథకం కింద ఫ్లైఓవర్లకూ అండర్‌పాస్‌లకూ 7 వేల కోట్లకు పైగా పెడుతున్నారు. కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న ఆరు కూడళ్లకే 826 కోట్లు అన్నారు. సైకిలు కోసం ఖర్చు పెట్టరనీ అనలేను. ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట వేసి, పైన సౌర ఫలకాల కప్పు కూడా వేశారు. 2023 అక్టోబరులో అది తెరిచినప్పుడు మా షెడ్డులో నేనే అందరికీ ఫోనులో ఫొటోలు చూపించాను. ఎండ తగలకుండా సైకిలు తొక్కవచ్చని సంబరపడ్డాను. కానీ పనికి పోయే సైకిలు ఆ దారిలో ఎక్కడ కనిపిస్తుంది? నేను తొక్కే దారిలో సైకిలుకు ఒక గీత కూడా లేదు. ఆ 23 కిలోమీటర్లు అక్కడే ఉండనివ్వండి, ఎవరి ఆరోగ్యానికీ నేను అడ్డు రాను. కప్పు వద్దు, దీపాలు వద్దు, మా రోడ్డులో ఎడమ అంచున సైకిలు పట్టేంత చోటు, కారు ఎక్కకుండా ఒక చిన్న గట్టు ఇస్తే చాలు.

పాదచారులకు ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని సర్వోన్నత న్యాయస్థానం 2025 మేలో చెప్పింది. రోడ్డు వాహనాల కోసం కాదు, మనుషుల కోసం అని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం ఎప్పుడో చెప్పింది. నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల్లోనే రాసి ఉంది. మీకు ఇవి కొత్త కావు. మా కూడలిలో ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు ఉంది, దాని పక్కన కొట్టు మెట్లు, ఆపైన ఆపి ఉంచిన మోటారుసైకిళ్లు. అడుగు పెట్టడానికి మిగిలింది నా చేతి కొలతతో రెండు జానలు.

దయచేసి దిమ్మెల మధ్య ఒక దారి తెరిపించండి. మనిషి నొక్కితే ఎర్రదీపం పడే సిగ్నల్ పెట్టించండి, ఇరవై సెకన్లు ఇచ్చినా చాలు. బస్సు ఆగే చోటును బస్సుకే వదిలేలా చూడండి. దాటే దారి ఇవ్వండి, మళ్లీ అదే అడుగుతున్నాను, దాటే దారి ఇవ్వండి. ఇది ఎవరి పనో మీరే తేల్చి, ఆ అధికారికి అప్పగించి, జవాబు రాతపూర్వకంగా ఇప్పించండి.

ఇవన్నీ వెంటనే కాకపోతే ఒక్కటైనా చేయించండి. రోడ్డు ఎడమ అంచున వాననీటి కాలువ మీద ఇనుప జాలీలు వేశారు. వాటి కమ్మీలు రోడ్డు పొడవునా ఉన్నాయి, సైకిలు టైరు సరిగ్గా వాటి మధ్యలో దిగుతుంది. నిరుడు వానలో నీళ్ల కింద అవి కనపడక ముందు చక్రం ఇరుక్కుని పడ్డాను, మోచేతికి ఏడు కుట్లు పడ్డాయి. వెనక వస్తున్న బస్సు డ్రైవరు సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ జాలీలను పీకి అడ్డంగా తిప్పి బిగిస్తే సరిపోతుంది. మా షెడ్డులో వెల్డింగ్ మిషన్ ఉంది, అనుమతి ఇస్తే మేమే ఒక ఆదివారం చేసి పెడతాం. ఈ వానలు మొదలయ్యేలోపు, దయచేసి.

భవదీయుడు,
బాలానగర్ కార్మికుడు