తిథి నారుకు ఇకపై అదనపు ధర లేదు

విజయవాడ సింగ్‌నగర్‌లోని మా నర్సరీకి వచ్చి మొక్కలు కొనే మీ అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి ‘తిథి నారు’ అనే పేరుతో మొక్కకు 5 రూపాయలు ఎక్కువ తీసుకోవడం ఆపేస్తున్నాను. ఔషధ మొక్కల కుండీలకు జబ్బుల పేర్లు రాసి తగిలించిన అట్టలను తీసేశాను. ఇంట్లో ఎండబెట్టి, దంచి, పొట్లాలు కట్టి ఇచ్చిన పొడులను కూడా ఇక అమ్మను. ఇన్నేళ్ళుగా మీరు నా మాట నమ్మి కొన్నారు కాబట్టి, ఈ మార్పుకు కారణం దాచకుండా చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది.

కొత్తగా వస్తున్నవారి కోసం ముందు తిథి నారు సంగతి చెబుతాను. ఆకు కోసం, కాయ కోసం పెంచే మొక్కలను అమావాస్య వెళ్ళాక శుక్ల పక్షంలోనూ, కంద, పసుపు, అల్లం వంటి నేలలో ఊరేవాటిని పున్నమి దాటాక కృష్ణ పక్షంలోనూ నాటాలన్నది మా నాన్నగారి పద్ధతి. వెన్నెల పెరిగేకొద్దీ మొక్కలో రసం పైకెక్కుతుందని, చంద్రుడు క్షీణించేకొద్దీ వేళ్ళలోకి దిగుతుందని ఆయన చెప్పేవారు. పంచాంగం చూడనిదే ఆయన విత్తనాల సంచి విప్పిన రోజు నాకు గుర్తు లేదు. నేను ఆ పద్ధతికి ఒక పసుపు చీటీ చేర్చాను. నాటిన తిథి దాని మీద రాసి, దారంతో మొక్కకు కట్టి, ధర పెంచాను. ధర పెంచడం నాన్నగారి పద్ధతి కాదు, నాది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. మరునాడు పోలాల అమావాస్య కావడంతో పూజకు కావలసిన కంద మొక్కలను ముందు వరుసలో పేర్చి ఉంచాము. ఆ రోజు బుడమేరు వాగు నీళ్ళు మా ప్రాంతాన్ని ముంచెత్తిన సంగతి ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. కంద మొక్కలన్నీ కొట్టుకుపోయాయి. చేతికి అందినంత వరకు మేడ మీదికి చేర్చినవాటిలో చైత్ర మాసంలో నాటిన తిప్పతీగ సంచులు కొన్ని ఉన్నాయి. వాటిలో సగం శుక్ల పక్షంలో నాటినవి, సగం కృష్ణ పక్షంలో నాటినవి. నీళ్ళు తీశాక నేనూ మా ఆవిడా వాటిని విడదీయడానికి కూర్చున్నాము. దారాలు ఉన్నాయి, చీటీలు ఉన్నాయి, సిరా మాత్రం పూర్తిగా కరిగిపోయింది. ఒక్కో సంచీ పైకెత్తి తీగ లావు చూశాను, ఆకు వెడల్పు చూశాను, అడుగున చిల్లుల్లోంచి బయటికి వచ్చిన వేళ్ళు కూడా చూశాను. ఏది ఏ పక్షానిదో ఒక్కదాని విషయంలో కూడా గట్టిగా చెప్పలేకపోయాను. నేనే తేడా పట్టలేని దానికి మీ దగ్గర 5 రూపాయలు ఎక్కువ తీసుకున్నానన్న బాధ ఆ పూట మొదలైంది.

ఆ దీపావళి అమావాస్య నుంచి పది నెలలపాటు లెక్క పెట్టి చూశాను. ప్రతి పక్షంలోనూ ఒకే పొట్లంలోని తులసి విత్తనాన్ని, ఒకే కొబ్బరి పొట్టు నింపిన 98 గుంతల ట్రేలో వేసి, పదిహేనో రోజున మొలకలు లెక్కపెట్టాను. ఒక నెల శుక్ల పక్షపు ట్రే నాలుగైదు మొలకలు ముందుంటే, మరుసటి నెల కృష్ణ పక్షపు ట్రే ముందుంది. అన్నిటికంటే తక్కువ మొలిచినది రోహిణి కార్తె ఎండలో, నీడ వల చిరిగిన మూల పెట్టిన ట్రే. ఆ ట్రే వేసింది శుక్ల పక్షంలోనే. తడి ఆరిపోయిన పైపొరలో సన్నటి తులసి విత్తనం మొలకెత్తదు, అప్పుడు ఏ తిథి అయినా ఒకటే.

చంద్రుడి ఆకర్షణతో సముద్రమే పొంగుతున్నప్పుడు మొక్కలో రసం ఎందుకు పొంగదని మీలో కొందరు నన్ను అడిగారు, నేనూ చాలాకాలం ఆ మాటే చెప్పాను. కానీ బందరు, హంసలదీవి వైపు వేటకు వెళ్ళేవారిని అడిగితే, పెద్ద పోటు అమావాస్యకూ వస్తుంది, పున్నమికీ వస్తుందని చెబుతారు. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వచ్చే ఆ రెండు రోజుల్లోనూ ఆకర్షణ బలంగానే ఉంటుంది. తిథి చూసి నాటాలన్న మన నియమమేమో ఆ రెండు రోజులనూ ఒకదానికొకటి ఎదురుగా నిలబెడుతుంది. పైగా పోటు అనేది మహాసముద్రమంత నీటికి కనిపించే ప్రభావం, కుండీలోని అర లీటరు నీటికి అది లెక్కలోకి రాదు. వెన్నెల సంగతి చూసినా, నిండు పున్నమి వెలుగు ఎండకంటే సుమారు 4 లక్షల రెట్లు తక్కువ. ఆకు పెరగడానికి అది చాలదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన రైతులు విత్తనానికి నమ్ముకున్న కార్తెలు చంద్రుడి పక్షాలకు సంబంధించినవి కావు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులను కార్తె అంటాము, ఏడాదికి 27 కార్తెలు. అందుకే రోహిణి ఏటా మే 25 ప్రాంతంలో మొదలై, జూన్ 8 ప్రాంతంలో మృగశిరకు చోటిస్తుంది. ఎండ, వాన, గాలిలో తేమ అన్నీ సూర్యుడి నడకను బట్టే మారతాయి కనుక కార్తె లెక్కలో గొప్ప అనుభవం ఉంది. మూలికల సేకరణకు చరకసంహిత చెప్పిన నియమాల్లోనూ ఋతువుకే పెద్దపీట: ఆకులు, కొమ్మలు వానాకాలంలోనూ వసంతంలోనూ, దుంపలు శరదృతువులోనూ తీయమంటుంది. కాబట్టి నేను పంచాంగాన్ని పక్కన పెట్టడం లేదు, అందులో కార్తెల పేజీని మునుపటికంటే శ్రద్ధగా చూస్తున్నాను. ఏరువాక పున్నమి నాడు మా పారకూ గునపానికీ పసుపు కుంకుమ పెట్టడం కూడా మానను. మీ ఇంటి ఆచారం ప్రకారం ఫలానా తిథినాడు నాటిన మొక్కే కావాలంటే, ముందుగా చెప్పండి, ఆ రోజే నాటి మామూలు ధరకే ఇస్తాను. పాత పసుపు చీటీ ఉన్నవారు దాన్ని తెస్తే, నేను ఎక్కువ తీసుకున్న సొమ్ముకు బదులుగా ఒక కరివేపాకు మొక్క తీసుకువెళ్ళవచ్చు.

తిప్పతీగ కొమ్మ నాటేవారికి నిజంగా పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. పెన్సిలంత లావు కొమ్మను జానెడు పొడవున కోసి, కనీసం ఒక కణుపు మట్టిలోకి, ఒక కణుపు పైకి ఉండేట్లు పెట్టాలి. ఆకులు దూసేశాక పైభాగం ఏదో, కిందిభాగం ఏదో గుర్తుండదు కాబట్టి కింది చివరను ఏటవాలుగా, పై చివరను అడ్డంగా కోయడం అలవాటు చేసుకోండి. మా దగ్గరికి ‘చిగురు రాలేదు’ అంటూ తెచ్చిన కొమ్మల్లో చాలావరకు తలకిందులుగా నాటినవే.

ఇక జబ్బుల అట్టల సంగతి చెప్పడం నాకు ఎక్కువ కష్టంగా ఉంది. నేల ఉసిరి కుండీ మీద ‘కామెర్లకు’ అని రాసి ఉండేది. పాయకాపురం నుంచి వచ్చే ఒక అక్కగారు తమ అబ్బాయికి కళ్ళు పచ్చబడ్డాయని చెబితే, ఆకు నూరి మజ్జిగలో కలిపి పరగడుపున ఇవ్వమని నేనే చెప్పాను. రక్తపరీక్ష మాట నా నోట రాలేదు. నా మాట పట్టుకుని వారు రెండు వారాలు ఆగారు. అబ్బాయి నీరసించి మాట తడబడే స్థితికి వచ్చాక ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. దేవుడి దయవల్ల కోలుకున్నాడు. ఆ అక్కగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, నేను మాత్రం ఆ రోజులు మరిచిపోలేదు. నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, ఆ సమయంలో తాగిన పసరుకు పేరు వస్తుంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, కాలేయం పూర్తిగా దెబ్బతింటున్నా కళ్ళు అలాగే పచ్చబడతాయి, అప్పుడు పోగొట్టుకున్న ప్రతి రోజూ ప్రమాదమే. ఏ కామెర్లు ఏవో మొక్కలు అమ్ముకునే నాకు ఎలా తెలుస్తుంది?

చట్టం కూడా ఇదే చెబుతోంది. మధుమేహం, మూత్రపిండాల్లో రాళ్ళు వంటి జబ్బులను నయం చేస్తుందంటూ దేన్నీ ప్రకటించకూడదని 1954 నాటి కేంద్ర చట్టం ఉంది. అమ్మకానికి ఆయుర్వేద మందు తయారు చేయాలంటే 1940 నాటి ఔషధ చట్టం కింద లైసెన్సు కావాలి. నాకు ఆ లైసెన్సు లేదు. ‘షుగర్ మొక్క’, ‘రాళ్ళ మొక్క’ అనే అట్టలు అందుకే పోయాయి, మొక్కలు మాత్రం ఇన్సులిన్ మొక్క, రణపాల అనే తమ పేర్లతో ఉంటాయి.

మూలికల మీద నాకు గౌరవం తగ్గిందని అనుకోవద్దు. దగ్గు మందుల్లో ఉండే బ్రోమ్‌హెక్సిన్ మన అడ్డసరం ఆకులోని వాసిసిన్ ఆధారంగా తయారైనదే. అంత బలం ఉన్న ఆకు కాబట్టే గర్భిణులు దాని జోలికి వెళ్ళకూడదు. ఆ రెండో మాట ఇన్నాళ్ళూ మా అట్ట మీద లేదు. తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు నివేదించారు. అదే జాతికి చెందిన వేరే తీగను పొరబడి వాడి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ బదులిచ్చింది. ఆ రెండో రకం కాండం మీద బుడిపెలు దట్టంగా ఉంటాయి. అలాంటి తీగ మా దగ్గర లేదని ఒక్కో సంచీ చూసి నిర్ధారించుకున్నాను. వినాయక చవితి పత్రికి ఉంచే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఇకపై ఎర్ర రంగు వేసిన బల్ల మీద విడిగా ఉంటాయి. పచ్చ గన్నేరు గింజ ప్రాణాంతకం, జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. పిల్లలున్న ఇంటివారికి అడగకపోయినా చెబుతాను.

మందుగా ఏది వాడాలన్నా, ఎంత వాడాలన్నా మన ఊళ్ళోనే డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, అక్కడి వైద్యులను అడగండి. మొక్కను గుర్తుపట్టడం, బతికించడం, చీడ పడితే చూడడం నా పని. ఆకు పాడైతే ఫోటో తీసి తెచ్చినా చాలు, చూసి చెబుతాను.

పొడులు ఆపడం వల్ల మా రాబడి తగ్గుతుంది, అయినా మొక్కల ధర పెంచను. పోలాల అమావాస్యకు కంద మొక్కలు ఈసారి మేడ మీదే పెంచుతున్నాము. కావలసినవారు వారం ముందు పేరు రాయించుకోండి.