పాత ఫారం పంపింది వారు, తిరస్కరణ మాకు

సంపాదకులకు,

ఆన్‌లైన్ దరఖాస్తులు పెద్ద సంఖ్యలో తిరస్కరణకు గురవుతున్నాయంటూ పది రోజుల కిందట మీ పత్రికలో వచ్చిన వార్త చదువుతూ, చివర ఉన్న అధికారి వివరణ దగ్గర ఆగిపోయాను. దరఖాస్తుదారులు చూసుకోకుండా పాత ఫారాలు నింపి పంపుతున్నారట; బ్రౌజర్ క్యాష్ (చూసిన పేజీల, ఫైళ్ల ప్రతులను బ్రౌజర్ దాచుకునే చోటు) క్లియర్ చేసుకొని మళ్లీ ప్రయత్నిస్తే సరిపోతుందట. కోపంలో రాయకూడదని ఇన్నాళ్లు ఆగాను. కోపం తగ్గే సూచన కనిపించనందున ఇప్పుడు రాస్తున్నాను.

తిరస్కరణకు గురైనవారిలో నేనూ ఒకణ్ణి. నేను నింపిన ఫారం ఎక్కడినుంచో వెతికి తెచ్చుకున్నది కాదు. ఆ అధికారి కార్యాలయం వారి వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకున్న రెండు నిమిషాలకు వారి సర్వర్ తనంతట తానుగా పంపిన ఈమెయిల్‌లో అటాచ్‌మెంట్‌గా వచ్చినది. 'దీనితో జతపరచిన ఫారమును మాత్రమే పూరించి పంపవలెను' అని అందులో లావు అక్షరాలతో ఉంది. ఆ 'మాత్రమే'ను గౌరవించి అలాగే పంపాను. పన్నెండో రోజున 'పాత నమూనా, చెల్లదు' అని జవాబు వచ్చింది. దానిపై ఫిర్యాదు చేస్తే, ఫిర్యాదు అందినట్లు మరో ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది. దానికీ అదే పాత ఫారం జతచేసి ఉంది.

వెబ్‌సైట్‌లోని ఫారాన్నీ మెయిల్‌లో వచ్చినదాన్నీ పక్కపక్కన తెరిచి చూశాను. ఫైలు పేరు రెంటికీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. కానీ ఒకటి మూడు పేజీలు, రెండోది రెండే పేజీలు. నేను నింపలేదని నన్ను తప్పుపట్టిన గడి ఆ లేని మూడో పేజీలో ఉంది. పీడీఎఫ్ వివరాల్లో తయారీ తేదీ చూస్తే, మెయిల్‌లో వచ్చినది నిరుటిది.

దీనికీ నా బ్రౌజర్ క్యాష్‌కూ సంబంధం ఏమిటో ఆ అధికారి చెబితే వినాలని ఉంది. మెయిల్‌కు జతచేసే ఫైలును బేస్64 అనే పద్ధతిలో అక్షరాలుగా మార్చి, ఆ ఉత్తరంలోనే ఇమిడ్చి పంపుతారు. మెయిల్‌లో ఫైళ్లను ఎలా జతచేయాలో చెప్పే మైమ్ ప్రమాణం 1992లో వచ్చినప్పటి నుంచీ జరుగుతున్నది ఇదే. అటాచ్‌మెంట్ అసలు ఫైలు కంటే సుమారు మూడో వంతు బరువెక్కేది కూడా అందువల్లనే. అంటే సర్వర్ గడప దాటే వేళకే పాత కాగితం కవరులో పడిపోయింది. మా ఇంట్లో ఎన్ని క్యాష్‌లు కడిగినా అది కొత్తది కాదు. అదే పేరుతో నేను మునుపెప్పుడో దించుకున్న ఫైలును పొరపాటున తెరిచి ఉంటానేమోనన్న అనుమానం కూడా తీర్చుకున్నాను. మా అన్నయ్య తన ఫోన్‌లో, తన మెయిల్ ఖాతాతో కొత్తగా పేరు నమోదు చేసుకుంటే ఆయనకూ ఆ రెండు పేజీలే వచ్చాయి.

ఇలాంటి వ్యవస్థల నిర్వహణలో కొన్నేళ్లు పనిచేసినవాడిగా, పాత ప్రతి ఎక్కడ దాక్కుంటుందో నాకు కొంత తెలుసు. చాలాసార్లు మెయిల్ పంపే ప్రోగ్రాముకు తనదైన ఫోల్డర్‌లో వేరే ప్రతి ఉంటుంది. వెబ్‌సైట్‌లో ఫైలు మార్చినవారికి ఆ సంగతే తెలియదు. అది కాకుంటే, ఒకసారి చదివిన ఫైలును మెమరీలో పెట్టుకొని, రీస్టార్ట్ చేసేదాకా దాన్నే పంపే ప్రోగ్రాములు ఉంటాయి. ఫైలు పేరు మారనప్పుడు, నడుమ ఉండి ఫైళ్ల ప్రతులు దాచి అందించే క్యాష్ సర్వర్ తన గడువు తీరేదాకా పాతదే అందిస్తుంది. నాలుగు సర్వర్లలో ఒకదాన్ని మార్చడం మరిచిపోతే కొందరికి కొత్త ఫారం, కొందరికి పాతది వెళుతుంది. 'మేము పరీక్షించాం, బాగానే ఉంది' అనే మాట ఎక్కువగా అక్కడే పుడుతుంది.

కనిపెట్టడం కష్టమా అంటే, అదీ కాదు. మామూలు దరఖాస్తుదారుడిలా పేరు నమోదు చేసుకొని, వచ్చిన అటాచ్‌మెంట్‌ను భద్రపరచి, దాని షా-256 విలువను (ఫైలులో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంఖ్యను) వెబ్‌సైట్ ఫైలు విలువతో పోల్చితే తేడా ఉందో లేదో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఏ సర్వర్ నుంచి, ఏ ఫైలు జతచేసి పంపారో లాగ్‌లో, అంటే సర్వర్ పనుల చిట్టాలో, రాసిపెట్టుకుంటే మిగిలిన వెతుకులాట కూడా తప్పుతుంది. పూర్వం నమూనా మారితే గుమాస్తా పాత ఫారాల కట్టను బల్ల మీద నుంచి తీసి అటకెక్కించిన తరువాతే కొత్త కట్ట విప్పేవాడు. కంప్యూటర్ వచ్చాక ఆ మాత్రం పని కూడా ఎవరిదీ కాకుండా పోయింది.

పోనీ చెబుదామంటే వినే దిక్కు లేదు. ఆ మెయిల్ వచ్చిన చిరునామాకు జవాబు రాయకూడదట. మెయిల్ స్వీకరించే ప్రతి డొమైన్‌లోనూ పోస్ట్‌మాస్టర్ అనే చిరునామా పనిచేసి తీరాలని, ఈమెయిల్ బట్వాడా నియమాలు చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 5321 అనే ప్రమాణం చెబుతోంది కదా అని దానికి రాస్తే, అలాంటి చిరునామా లేదంటూ నా ఉత్తరం తిరిగొచ్చింది. వెబ్‌సైట్ నవీకరణ పూర్తయిందని ప్రకటించుకోవడానికి ఉన్న తీరిక, ఆ వెబ్‌సైట్ మాకు ఏం పంపుతోందో ఒక్కసారి తెరిచి చూడడానికి లేకపోయింది.

ఆ అటాచ్‌మెంట్‌ను ముందు సరిచేయాలి, లేదా తీసేసి వెబ్‌సైట్‌లోని ఫారానికి లింకు ఇవ్వాలి. అంతకంటే ముఖ్యంగా, వారు పంపిన ఫారాన్నే నింపి పంపినందుకు తిరస్కరించిన దరఖాస్తులన్నిటినీ తిరిగి స్వీకరించి, ఆ మూడో పేజీని మాత్రం విడిగా అడిగి తీసుకోవాలి. ఎవరెవరికి పాత ఫారం వెళ్లిందో మమ్మల్ని అడగనక్కరలేదు. పంపిన మెయిళ్ల జాబితా వారి సర్వర్‌లోనే ఉంటుంది.

— ఒక దరఖాస్తుదారుడు