ఫైబర్ గ్లాస్ బాడీకి రేకు బాడీ వైద్యం పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

కారు మీద పడిన గీతలను పోగొట్టుకోవడం గురించి పత్రికల్లో వచ్చే సలహాలు చాలావరకు బాడీ ఇనుప రేకుదే అన్న లెక్కలో సాగుతున్నాయి. వాటినే ఫైబర్ గ్లాస్ (గాజు పోగులను రెసిన్ అనే జిగురులో గట్టిపరిచి చేసేది) ప్యానెళ్లకు వర్తింపజేస్తే చిన్న గీతతో పోయేది పెద్ద మరమ్మతు దాకా వస్తుంది కనుక ఈ లేఖ రాస్తున్నాను. 1953లో షెవర్లే కార్వెట్ ఫైబర్ గ్లాస్ బాడీతో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అయస్కాంతం ఆనించి, అది అంటుకునే ఇనుప రేకా, అంటుకోని ఫైబర్ గ్లాసా అని చూడకుండానే పని మొదలుపెట్టడం నాకు బాధ కలిగిస్తోంది.

గోరుతో అడ్డంగా గీసినప్పుడు తగలని గీత సాధారణంగా రంగు మీద ఉండే పారదర్శక పొర అయిన క్లియర్ కోట్‌లోనే ఉంటుంది, కాంపౌండ్ అనే రుద్దుడు పేస్టుతో పోతుంది. అయితే రేకు వేడిని చుట్టూ పంచుకుంటుంది, ఫైబర్ గ్లాస్ పంచుకోదు. బఫింగ్ మెషీన్‌ను (తిరిగే మెత్తతో రుద్ది మెరుగుపెట్టే యంత్రం) ఒకేచోట నిలిపితే ఆ వేడి అక్కడే చిక్కుకుని పైపొర మాడిపోతుంది. రంగు మందాన్ని చూపే అయస్కాంత మీటరు కూడా దీని మీద పనిచేయదు కాబట్టి, ఎంత పొర అరిగిందో తెలిసే వీలు తక్కువ. అంచుల మీద, మడతల మీద చేత్తో రుద్దడమే క్షేమం.

గీత లోతుగా దిగి గాజు పోగులు బయటపడితే సంగతి వేరు. తేమ ఆ పోగుల వెంట లోపలికి పాకుతుంది; అది పూర్తిగా ఆరకముందే పుట్టీ పెట్టి రంగు వేస్తే కొన్నాళ్లకు పొక్కులు లేస్తాయి. గీతను కాస్త వెడల్పు చేసి, అసిటోన్‌తో తుడిచి, ఆరాక జెల్ కోట్ (ఫైబర్ గ్లాస్‌కు పైపొరగా వేసే చిక్కటి రెసిన్) నింపాలి. దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డనర్ సాధారణంగా 1 నుంచి 2 శాతం సరిపోతుంది. త్వరగా గట్టిపడాలని ఎక్కువ పోస్తే అది పెళుసుబారుతుంది. గాలి తగిలిన పైభాగం జిగట వదలదు కాబట్టి మైనం కలిపిన జెల్ కోట్ వాడాలి, లేదా పైన పల్చటి ప్లాస్టిక్ షీటు పరవాలి. తర్వాత 400 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం; నంబరు పెరిగే కొద్దీ నునుపు) మొదలుపెట్టి 800, 1200, 2000 వరకు వరుసగా వెళ్లాలి. మధ్యలో ఒక నంబరు దాటవేస్తే ఆ గరుకు గీతలు పాలిష్ పట్టాక ఎండలో బయటపడతాయి.

నక్షత్రంలా చీలిన పగుళ్లను పైనుంచి పూడ్చి లాభం లేదు. ప్యానెల్ వెనుక గాజు గుడ్డ, రెసిన్‌తో బలం చేకూర్చకపోతే అవే పగుళ్లు మళ్లీ తేలతాయి. రేకుకు వాడే ఘాటైన పెయింట్ రిమూవర్లు రెసిన్‌నే తినేస్తాయి కనుక వాటిని దగ్గరికి రానీయకూడదు.

అన్నిటికంటే ముఖ్యంగా, ఈ ప్యానెల్‌ను పొడిగా రుద్దినప్పుడు లేచే గాజు పొడిని పీల్చేది కారు యజమాని కాదు, షెడ్డులో పనిచేసే కుర్రాడు. అతనికి ముక్కుకు సరైన మాస్కు, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు ఇవ్వకుండా, ప్యానెల్‌ను నీళ్లతో తడపకుండా ఈ పని చేయించవద్దని యజమానులను, షెడ్డు నిర్వాహకులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు