కోడ్ పెట్టి ఊరుకుంటే ఎట్లా? వారం వారం కబురు చెప్పాలి

ఎడిటర్ గారికి,

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇంజినీరింగ్ విద్యార్థులు చేసిన యాప్‌ల వార్తలు జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తున్నాయి. కోడ్‌ను గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో అందరికీ తెరిచి పెట్టేవాళ్లూ పెరిగారు, సంతోషం. కానీ ఆ పేజీ చూస్తే ప్రాజెక్టు నడుస్తోందో, మూలన పడిందో తెలియదు. సాయం చేద్దామని వచ్చినవాళ్లు ఎక్కడ చెయ్యి పెట్టాలో తోచక వెళ్లిపోతారు. వారానికోసారి, ఒకే రోజున, పది పన్నెండు లైన్ల ప్రగతి నివేదిక రాస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

దీనికి ఒక ఉదాహరణ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. దాని కీలక భాగమైన కెర్నల్ కొత్త వెర్షన్ 9, 10 వారాలకోసారి వస్తుంది. మొదటి రెండు వారాలు కొత్త కోడ్ కలుపుకొని, ఆ తర్వాత దాదాపు ప్రతి ఆదివారం దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ఒక ఆర్‌సీ (అసలు విడుదలకు ముందు పరీక్షించే వెర్షన్) విడుదల చేసి చిన్న ఉత్తరం రాస్తారు. విశేషం లేకపోతే లేదనే రాస్తారు.

బత్తాయి ధరలు చూపే యాప్ ఒకటి ఉందనుకుందాం. 'చాలా బగ్గులు సరిచేశాం, 90 శాతం అయిపోయింది' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఇలా రాయాలి (ఇష్యూ అంటే గిట్‌హబ్‌లో నంబరుతో నమోదు చేసిన సమస్య, మెయిన్ అంటే ప్రాజెక్టు అసలు కోడ్): 'టన్ను ధర క్వింటాలు ధరగా పడుతున్న తప్పు, 41వ ఇష్యూ, సరిచేసి మెయిన్‌లో కలిపాం. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒత్తులు విడిపోతున్నాయి, 38వ ఇష్యూ. మా దగ్గర అలాంటి ఫోన్ లేదు, ఉన్నవాళ్లు స్క్రీన్‌షాట్ పంపండి. వచ్చే వారం నెట్ లేనప్పుడు నిన్నటి ధర చూపడం మీద పని.' ఇందులో విలువైనది ఒత్తుల సంగతి. పని ఎక్కడ ఆగిందో చెబితేనే కొత్తవాళ్లు అందుకుంటారు. మనవాళ్లు దాచేదీ అదే.

కోడ్‌లో నమోదైన ఒక్కో మార్పును కమిట్ అంటారు. గిట్ అనే సాధనం దాచే ఆ మార్పుల జాబితాను (లాగ్) గత ఏడు రోజులకు పరిమితం చేసి, రెండు శాఖల కోడ్‌ను కలిపే మెర్జ్ కమిట్లు తీసేస్తే ముడిసరుకు దొరుకుతుంది. దాన్ని ఉన్నదున్నట్టు అతికించొద్దు. 'ఫిక్స్', 'ఫైనల్', 'ఫైనల్ 2' లాంటి కమిట్ సందేశాలు కొన్నాళ్లకు రాసినవాళ్లకే అర్థం కావు. ఇంకా ఇతరుల పరిశీలనలో (రివ్యూ) ఉన్నదాన్ని 'అయిపోయింది' అనీ రాయొద్దు.

వాట్సాప్ గ్రూపులో పెడితే చాలదా అంటారు. చాలదు. వచ్చే ఏడాది చేరే జూనియర్‌కు పాత సందేశాలన్నీ కనిపించవు, ఇష్యూలో వాటికి లింకు ఇవ్వడమూ కుదరదు. ప్రాజెక్టు కోడ్ ఉండే రిపోజిటరీలోనే ఒక ఫోల్డర్ పెట్టి, తేదీ పేరుతో ఫైలు వేసి, ఆ లింకును గ్రూపులో పంపండి.

యాప్ తెరమీది మాటలను తెలుగు చేసేవాళ్లకు ఈ నివేదిక మరీ అవసరం. గెట్‌టెక్స్ట్ అనే అనువాద సాధనం వాడే ప్రాజెక్టుల్లో ఇంగ్లిష్ వాక్యంలో ఒక్క కామా మారినా, కొత్త ఫైలుతో కలిపినప్పుడు దాని తెలుగుకు 'ఫజ్జీ' (మళ్లీ సరిచూడాలి) అనే గుర్తు పడుతుంది. మామూలుగా ఫజ్జీ వాక్యాలు తయారైన యాప్‌లోకి (బిల్డ్) వెళ్లవు, తెరమీద ఇంగ్లిషే వస్తుంది. విడుదలకు ముందురోజు మెనూ మాటలు మార్చి చెప్పకుండా ఊరుకుంటే రైతు చేతికి సగం తెలుగు, సగం ఇంగ్లిష్ యాప్ వెళ్తుంది. లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ ప్రాజెక్టు విడుదలకు కొన్ని వారాల ముందే తెరమీది మాటలు మార్చడం ఆపేస్తుంది. మీరూ అలాంటి తేదీ ఒకటి పెట్టుకుని నివేదిక మొదట్లోనే రాయండి.

భద్రతా లోపం దొరికితే, సరిచేసిన వెర్షన్ బయటికి వెళ్లేదాకా వివరాలు రాయొద్దు. స్క్రీన్‌షాట్లలో ఫోన్ నంబర్లుంటే ముందే చెరిపేయాలి. గిట్‌లోకి ఒకసారి ఎక్కితే, ఫైలు తీసేసినా చరిత్రలో ఉండిపోతుంది.

రాసే పని ఒక్కరి నెత్తిన వేయకుండా వంతులు వేసుకోవాలి. సెమిస్టర్ పరీక్షలుంటే 'మూడు వారాలు పని ఉండదు, ఫలానా తేదీన మళ్లీ మొదలు' అని ముందే ఒక లైను రాస్తే చాలు. ఒకరి పేరు మీదున్న ఇష్యూ రెండు వారాలు కదలకపోతే నివేదికలో అడిగి, జవాబు రాకపోతే ఇంకొకరికి ఇవ్వండి. మొహమాటపడితే పని సాగదు.

ప్రాజెక్టు రికార్డు బైండింగ్ మీద పెట్టే శ్రద్ధలో కొంత ఈ వారపు ఫైళ్ల మీద పెట్టమని కాలేజీల గైడ్లను కోరుతున్నాం. వైవాలో వాటిని తెరిస్తే ఎవరు ఏ వారం ఏం చేశారో అక్కడే తేలిపోతుంది.

— కొందరు ఓపెన్ సోర్స్ వాలంటీర్లు, నల్లగొండ