చంద్రశిల ఎక్కకుండా ఎందుకు దిగామంటే: తల్లిదండ్రులకు జూన్ లేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

హిమాలయాల వేసవి యాత్ర నుంచి పిల్లలు తిరిగొచ్చినప్పటి నుంచీ మీ వాట్సాప్ గ్రూపుల్లో రెండు మాటలు తిరుగుతున్నాయి. ఒకటి: "తుంగనాథ్ గుడి దాకా తీసుకెళ్ళి, ఇంకాస్త పైనున్న చంద్రశిల శిఖరం ఎక్కించకుండానే దించేశారు. పైగా మధ్యలో రెండు గంటలు గడ్డిలో కూర్చోబెట్టారట." రెండోది: "తొమ్మిదో తరగతి పిల్లలిద్దర్ని సగం దారిలో వెనక్కి పంపారట, ఎందుకో ఎవరూ చెప్పరు." చెబుతాను, కాస్త వివరంగానే. ఈలోగా మిగతావి: బడి జూన్ 12న తెరుస్తాం, పుస్తకాలు అంతకు ముందు రెండు రోజులూ ఇస్తాం, మూడో నంబరు బస్సు పది నిమిషాలు ముందే బయల్దేరుతుంది, ఫీజు గడువులో మార్పు లేదు.

నడక మొదలయ్యే చోప్తా ఉత్తరాఖండ్‌లోని రుద్రప్రయాగ జిల్లాలో ఉంది. ఎత్తు సుమారు 2,700 మీటర్లు. తుంగనాథ్ గుడి దాదాపు మూడున్నర వేల మీటర్ల ఎత్తున ఉంటుంది. దూరం నాలుగు కిలోమీటర్లకు మించదు, రాళ్ళు పరిచిన దారే. "అంతేనా?" అన్నవాళ్ళు ఉన్నారు కనుక చెబుతున్నాను: అలిపిరి మెట్లదారిలో తొమ్మిది కిలోమీటర్లు నడిచి ఎక్కేంత ఎత్తును ఇక్కడ అందులో సగం దూరంలోనే ఎక్కాలి. అదీ పలచని గాలిలో. ఆ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే. ప్రతి ఊపిరికీ అందే ఆక్సిజన్ కూడా ఆ లెక్కలోనే తగ్గుతుంది. అందుకే రిషికేశ్ నుంచి ఒక్క ఉరుకున చోప్తా వెళ్ళలేదు. ఊఖీమఠ్‌లో ఒక రాత్రి, దానికన్నా ఎత్తున్న సారి గ్రామంలో మరో రాత్రి ఉంచాం. సారి నుంచి పగలు దేవరియా తాల్ సరస్సు దాకా ఎక్కించి, పడుకునే వేళకు మళ్ళీ కిందికి దించాం. ఒంటికి ఎత్తు అలవాటయ్యేది అలాగే. "ఒక రోజు దండగ చేశారు" అని మీలో కొందరు లెక్క కట్టింది ఈ రోజునే.

ఇంత చేసినా కొందరికి ఎత్తు పడదు. వయసుతో, బలంతో దానికి సంబంధం లేదు. కబడ్డీ జట్టు కెప్టెన్‌కు రావచ్చు, బక్కపలచని పిల్లకు రాకపోవచ్చు. తలనొప్పితో పాటు వికారమో, వాంతో, తల తిరగడమో ఉంటే ఇక పైకి అడుగు వేయకూడదు. కూర్చున్నా తగ్గకపోతే దించాలి. మూడు, నాలుగు వందల మీటర్లు దిగితే చాలావరకు సర్దుకుంటుంది. ఆ ఇద్దరి విషయంలో జరిగింది ఇదే. ఒక టీచరు, ఒక స్థానిక గైడు వెంట ఉండి దించారు. మధ్యాహ్నానికి ఇద్దరూ చోప్తాలో పప్పన్నం తిన్నారు. వారిలో ఒక బాబు ఎవరూ అడక్కముందే గైడు దగ్గరికి వెళ్ళి "తల నొప్పిగా ఉంది, వాంతి వచ్చేలా ఉంది, నేను ఆగిపోతాను" అని చెప్పాడు. స్నేహితులంతా పైకి పోతుంటే పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లాడు ఆ మాట అనడం ఎంత కష్టమో ఆలోచించండి. ఈ యాత్రలో నాకు అందరికన్నా గర్వంగా అనిపించింది వాడిని చూసే. ఇంట్లో దయచేసి "నువ్వొక్కడివే ఎక్కలేదటగా" అనకండి. ఇంకోసారి చెప్పకుండా దాచుకుంటాడు.

ఇక చంద్రశిల. ఎక్కడున్నా పదకొండున్నరకు వెనక్కి తిరగాలన్నది బయల్దేరక ముందే పెట్టుకున్న నియమం. మీకు పంపిన కాగితంలోనూ ఉంది, మీ సంతకాలూ ఉన్నాయి. కొండవాలు ఉదయమంతా ఎండకు వేడెక్కుతుంది, లోయలోని తేమగాలి పైకి లేస్తుంది, మధ్యాహ్నానికి మబ్బు కడుతుంది. చెట్టు చేమ లేని శిఖరం మీద ఉరుము వినబడిందంటే తలదాచుకోవడానికి చోటుండదు. తడిసిన రాతిదారి మీద దిగుతూ జారితే ముందు దెబ్బతినేది మోకాలు, మణికట్టు. ఆ రోజు ఒంటిగంట దాటగానే వడగళ్ళు పడ్డాయి. మన పిల్లలు అప్పటికి చోప్తా టీ కొట్లో ఉన్నారు. వేరే బృందంవాళ్ళు శిఖరం మీద దిగిన ఫొటో చూపించి "వాళ్ళు వెళ్ళారుగా" అంటున్నారు. వాళ్ళు కొండ దిగేటప్పటి ఫొటో కూడా ఎవరైనా పెడితే బాగుండేది.

గడ్డిలో రెండు గంటలు అన్నారు కదా, అసలు వెళ్ళిందే దానికోసం. సుమారు 3,300 మీటర్ల దగ్గర చెట్లు ఆగిపోతాయి. ఆపైన ఉండేదంతా బుగ్యాల్, ఎత్తైన పచ్చికబయలు. ఏడాదిలో సగం మంచు కిందే ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు లోపే మొలకెత్తాలి, పూయాలి, విత్తనం రాల్చాలి. మన ఆయుర్వేద దుకాణాల్లో అడిగే కటుకరోహిణి, జటామాంసి, అతివస పుట్టిల్లు హిమాలయాల్లోని ఇలాంటి ఎత్తులే. వాడేది వేరు, దుంప కాబట్టి తవ్వితే మొక్కే పోతుంది. జటామాంసి ఇప్పటికే తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలో ఉంది. అక్కడ మట్టి పలచన, దాన్ని పట్టి ఉంచేది గడ్డి వేళ్ళే. మలుపు తిరగడానికి బద్ధకించి పదిమంది అడ్డదారిన దిగితే గడ్డి చిరుగుతుంది, వాన నీరు ఆ చాలునే పట్టుకుంటుంది, కొన్నేళ్ళకు అది గండి అవుతుంది. దయారా బుగ్యాల్‌లో అలా కోసుకుపోయిన చోట కొబ్బరి పీచు చాపలు పరిచి బాగుచేయాల్సి వచ్చింది. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో బుగ్యాళ్ళలో రాత్రి బసను నిషేధించింది, రోజుకు 200 మందికి మించి వెళ్ళరాదంది. ఇదంతా చదివి తెలుసుకోవచ్చు, నిజమే. కానీ మన ఎనిమిదో తరగతి 'బి' పాప ఒకరు దారి పక్కన బోర్లా పడుకుని, జానెడు చోటులో కనబడిన ఆకుల రకాలన్నీ బొమ్మలు గీసింది, ఒక్క ఆకు తుంపకుండా! ఊదారంగు ప్రిములా పువ్వులు, రాళ్ళ సందులోంచి తొంగిచూసిన పైకా (కుందేలు జాతికి చెందిన, తోకలేని చిన్న జంతువు) కూడా ఆ నోట్‌బుక్కులో ఉన్నాయి. ఆఫీసులో పెట్టాం, వచ్చి చూడండి.

ఇక మీ వైపు సంగతులు. ప్రేమతోనే పంపారని తెలుసు, అయినా చెప్పక తప్పదు. జీన్స్ వద్దని రాశాం. సగం బ్యాగుల్లో అవే. తడిస్తే బరువెక్కుతాయి, చలికి ఆరవు. బూట్లు రెండు నెలల ముందే కొని తొడిగి తిప్పమన్నాం. కొన్ని అట్టపెట్టెలోంచి రైల్లోనే బయటికొచ్చాయి. మడమల మీద బొబ్బలు లేచింది సరిగ్గా వాళ్ళకే. గోళ్ళు కత్తిరించకపోతే దిగేటప్పుడు వేళ్ళు బూటు ముందుకు కొట్టుకుని గోరు నల్లబడుతుంది; అదీ చూశాం. చిప్స్ ప్యాకెట్లు దండిగా, నీళ్ళ సీసా మాత్రం అరలీటరుది. రెండు లీటర్లు అని ఎందుకు రాస్తామో ఆలోచించరు. మాకు చెప్పకుండా బ్యాగు అడుగున డయామాక్స్ (ఎత్తు పడకపోవడానికి వాడే మందు) మాత్రలు పెట్టినవారికి ప్రత్యేక మనవి: ఆ మాత్రకు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది, సల్ఫా రకం మందులు పడనివారికి ప్రమాదం కావచ్చు. పాప "వేళ్ళు మొద్దుబారాయి" అంటే అది చలివల్లనో మాత్రవల్లనో మేమెలా తేల్చాలి? డాక్టరు రాస్తే చీటీతో సహా మా చేతికివ్వండి.

వచ్చే వేసవికి వచ్చేవాళ్ళు జనవరి నుంచి వారానికి నాలుగు రోజులు ముప్పావుగంట నడవాలి, మూడు కిలోల బ్యాగుతో మెట్లు ఎక్కిదిగాలి. గేటు ముందు దాకా కారులో దింపే అలవాటును వీధి మలుపు దగ్గరే ఆపితే అందులో కొంత తీరుతుంది. రాత్రి ఒంటిగంట దాకా ఫోను చేతిలో ఉంటే మాత్రం ఏ నడకా ఆదుకోదు.

యాత్ర సామానులో మిగిలిన నాలుగు మంకీ క్యాపులు, ఒక చేతి గ్లవ్, పేరు లేని రెయిన్‌కోటు ఆఫీసులో ఉన్నాయి. జూన్ 20లోపు తీసుకెళ్ళండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు