చూసి వచ్చిన విలేకరికే మాట్లాడే అవకాశం ఇవ్వాలి

సంపాదక మహాశయులకు నమస్కారములు.

ఎన్డీటీవీ లక్నో విలేకరి కమాల్ ఖాన్ 2022 జనవరి 14న, ఉత్తరప్రదేశ్ శాసనసభ ఎన్నికల వేడి మొదలైన రోజుల్లో, గుండెపోటుతో కన్నుమూశారు. ముందురోజు రాత్రి కూడా ఆయన తెరమీద ఎన్నికల సంగతులు వివరించారు. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన నేను సైతం ఆయన కథనం వస్తుంటే చివరిదాకా చూసేవాణ్ణి. మన తెలుగు ఛానళ్ల విలేకరుల స్థితిగతులు తలచుకున్నప్పుడల్లా ఆయన గుర్తుకు వస్తున్నారు.

పత్రికారంగం నుంచి టీవీకి వచ్చిన కమాల్ ఖాన్ రెండు దశాబ్దాలకు పైగా ఒకే సంస్థలో, లక్నో కేంద్రంగా పనిచేశారు. అయోధ్య వంటి సున్నితమైన విషయం చెప్పవలసి వచ్చినప్పుడు తులసీదాసు పంక్తినీ, ఉర్దూ కవి పాదాన్నీ పక్కపక్కన నిలిపి, గొంతు ఏమాత్రం పెంచకుండా చెప్పేవారు. రామ్‌నాథ్ గోయెంకా పాత్రికేయ పురస్కారం ఆయనకు ఊరికే రాలేదు. ఆ ప్రాంతపు మనుషులనూ, భాషనూ, చరిత్రనూ ఏళ్ల తరబడి చదువుకున్నందువల్లనే రెండు నిమిషాల కథనంలో అంత లోతు పలికేది.

తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తా ఛానళ్లు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మండలాల్లో, నియోజకవర్గాల్లో పనిచేసే స్ట్రింగర్లలో, అంటే ఛానల్ ఉద్యోగులు కాని స్థానిక విలేకరుల్లో, చాలామందికి నెలజీతం లేదు. కథనానికి ఇంత అని ఇస్తారు, అదీ ఎప్పుడు వస్తుందో తెలియదు. పైగా ప్రకటనలు తెచ్చిపెట్టాలన్న ఒత్తిడి. ఏ అధికారి మీద, ఏ నాయకుడి మీద కథనం చేయాలో ఆ ఇంటికే ప్రకటన కోసం వెళ్లవలసిన మనిషి స్వేచ్ఛగా ఎలా రాయగలడు? ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించే విషయం. వరదలో నడుము లోతు నీళ్లలో నిలబడి అతడు పంపిన దృశ్యాలకు హైదరాబాదు డెస్కులో ఎవరో గొంతు ఇస్తారు; చూసినవాడి మాట ప్రేక్షకుడికి చేరదు. జీతం ఉన్న జిల్లా విలేకరి పరిస్థితి కొంత మెరుగే అయినా, గంటగంటకూ లైవ్‌లో నిలబడి స్టూడియోకు ముందే తెలిసిన సంగతినే మళ్లీ చెప్పడంతో అతడికి ఊళ్లోకి వెళ్లి నలుగురితో మాట్లాడే సమయం మిగలడం లేదు.

క్షేత్రస్థాయి విలేకరులకు నియామక పత్రం, నెలవారీ వేతనం, ఆరోగ్య బీమా ఇవ్వాలనీ, ప్రకటనల సేకరణ బాధ్యత నుంచి వారిని పూర్తిగా తప్పించాలనీ ఛానళ్ల యాజమాన్యాలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వారానికి ఒక్కసారైనా జిల్లా విలేకరి స్వయంగా తిరిగి, స్వయంగా రాసి, తన గొంతుతోనే వినిపించే పది నిమిషాల కథనానికి చోటు కల్పించాలని కూడా నా మనవి.

ఇట్లు
ఒక పాఠకుడు, విజయనగరం