ఆదివారం బస్సు: బొబ్బిలి, పద్మనాభం యుద్ధభూములు
పర్లాకిమిడి గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం యాత్ర ఖాయమైంది. ఉదయం 5 గంటలకు బస్టాండు దగ్గర బయల్దేరి, పాలకొండ మీదుగా ముందు బొబ్బిలి, అక్కణ్ణించి పద్మనాభం.

బొబ్బిలి కథ బుర్రకథల్లో అందరూ విన్నదే. 1757 జనవరి 24న ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేన కలిసి కోట మీద పడ్డాయి. శత్రువుకు చిక్కకూడదని లోపలి ఆడవాళ్లను, పిల్లలను తమవాళ్లే చంపుకున్నారు. స్మారక స్తంభం దగ్గర ఫొటో తీసుకుని గబగబా బస్సెక్కేయకండి. గైడు చెప్పేది నిలబడి వినండి.

పద్మనాభం సంగతి మనలో చాలామందికి తెలీదు, అందుకే పట్టుబట్టి పెట్టించాను. 1794 జూలై 10న అదే విజయనగరం వంశపు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో తలపడి అక్కడే నేలకొరిగారు. పేష్కషు, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బాకీల దగ్గర ముదిరిన తగువు అది. అంతకు 37 ఏళ్ల ముందు బొబ్బిలి మీదికి ఫ్రెంచి దొరల ఫిరంగుల్ని వెంటబెట్టుకొచ్చిన వంశం, చివరికి ఇంగ్లీషు దొరల తుపాకులకు ఎదురు నిలిచింది. రెండు చోట్లూ ఒకే రోజు చూస్తేనే ఇది మనసుకెక్కుతుంది.

పద్మనాభం కొండ మెట్లెక్కడం ఓపికున్నవాళ్లకే. పులిహోర, మజ్జిగ మనవే. పేర్లు గురువారం లోపు ఇక్కడే పెట్టండి. పిల్లల్ని తప్పకుండా తీసుకురండి.